దరువు లేని కత్తి

కదలకూడదు. ఖాదర్‌బీ చెయ్యవలసిన పనల్లా అదొక్కటే. మిరప కళ్లం నడిమధ్యన, ఆరబోసిన పండు కాయలను మంచమంత మేర పక్కకు నెట్టి, ఆ నేల మీద గోనెపట్టా పరిచి ఆమెను వెల్లకిలా పడుకోబెట్టారు. మెడ మీద తమలపాకు. తమలపాకు మీద, దొర్లిపోకుండా అడుగు చెక్కిన దోసకాయ. గుటక మింగితే దోసకాయ కదులుతుంది, అందుకని గుటక మింగకూడదు. దగ్గకూడదు. తుమ్మకూడదు. చుట్టూతా ఇన్ని బస్తాల మిరపకాయలు పోసి తుమ్మొద్దంటే అదేం న్యాయమో ఆ సినిమా వాళ్లకే తెలియాలి, వాళ్లేమో ముక్కులకు తువ్వాళ్లు కట్టుకుని గొడుగుల కింద కూచున్నారు. సరిగ్గా మొదలెడదామనే వేళకు సూర్యుడు మబ్బులోకి పోయాడు. "ఎక్కడివాళ్లు అక్కడే ఉండండి, వెలుతురు రాగానే తీసేద్దాం" అని డైరెక్టరు గారు రేకు గొట్టంలోంచి అరిచి అరగంటయిందో గంటయిందో, పడుకున్న మనిషికి పొద్దు ఏం తెలుస్తుంది. కాళ్ల వైపు, తొమ్మిది అడుగుల దూరంలో, ఆమె మొగుడు మాబు సాహెబ్ మిలటరీ చొక్కా తొడుక్కుని, కళ్లకు నల్లటి గంతలు కట్టుకుని, కత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు. మబ్బు తొలగ్గానే ఆ తొమ్మిది అడుగులూ నడిచి వచ్చి ఆమె మెడ మీది దోసకాయను ఒక్క వేటుకు రెండు చెక్కలు చెయ్యాలి. ఆకు చిరగకూడదు. చిరిగిందంటే ఆ కింద ఉన్నది ఖాదర్‌బీ గొంతు. ఈ మబ్బు ఇట్లాగే ఉండాలి అల్లా, సాయంత్రం దాకా ఉండాలి, రేపు కూడా ఉండాలి.

ఎంత చక్కగా తగలబడింది ఈ సినిమా కథ! యుద్ధంలో రెండు కళ్లూ పోగొట్టుకున్న సిపాయి ఒకడు ఊరికి తిరిగొస్తాడట. వచ్చేసరికి వాడి అన్నదమ్ములను చంపి పొలం కలుపుకున్న వాళ్లు మీసాలు దువ్వుకుంటూ తిరుగుతుంటారట. వాడు కత్తి పట్టి, అడుగుల చప్పుడును బట్టి, ఒక్కొక్కణ్ణీ నరుకుతాడట. నడుమ విలన్ పందెం వేస్తాడట, నీ కత్తి అంత గొప్పదైతే నువ్వు మనసుపడ్డ పిల్ల మెడ మీద దోసకాయ కొట్టు, నెత్తురు చుక్క కనపడితే ఓడినట్టే అని. హీరో గారు మద్రాసు నుంచి వచ్చి గుంటూరు బ్రాడీపేటలో దిగాడు కానీ కత్తి పట్టడం ఆయనకు చేతకాదు. హీరోయినమ్మ పొద్దున ఈ కళ్లంలో కాలు పెట్టిందో లేదో వరసగా ఇరవై తుమ్ములు తుమ్మి కారెక్కి అద్దాలు బిగించుకుంది. ఇద్దరికీ డూపులు కావాలి, దూరం నుంచి తీస్తారు, మొహాలు కనపడవు. అట్లా నలభై ఆరేళ్ల ఖాదర్‌బీ నెత్తికి విగ్గు, ఒంటికి గులాబీ రంగు పాలిస్టరు చీర వచ్చిపడ్డాయి. తొడిమలు తీసే ఆడవాళ్లందరూ పని మానేసి తాడు అవతల గుంపుగా నిలబడి, "ఖాదర్‌బీ హీరోయిన్ అయిందర్రా, ఇహ మనతో మాట్లాడుద్దా" అని ఒకటే వేళాకోళం. ఆ ఫైట్ మాస్టరు పుణ్యాత్ముడు, ముందే చెప్పాడు, తగరపు కత్తి పెడదాం, దోసకాయ ముందే కోసి అతికిద్దాం అని. స్కూలు లక్ష్మీనరసింహం మాస్టారు ఊరుకుంటేనా. "ఆ నాటకాలు మాకెందుకండీ, మా మాబు సాహెబ్ ఏటా పీర్ల పండగకు గంతలు కట్టుకుని నిజంగానే కొడతాడు" అన్నారు. నిజంగానే అనగానే డైరెక్టరు గారి మొహం చాటంతయింది. ఆ ఒక్క మాట మాస్టారి నోట్లోంచి రాకపోతే ఈపాటికి ఖాదర్‌బీ ఇంట్లో పొయ్యి మీద ఎసరు పెట్టుకుంటూ ఉండేది.

నిజంగానే అంటే ఏమిటో ఊరికి తెలియదు. మాబు సాహెబ్ ఇంటివాళ్లకు తప్ప మూడో కంటికి తెలియదు. ఆ నల్లగుడ్డ మూడు మడతలు. మూడు మడతల్లోనూ కంటి దగ్గర కొన్ని పోగులు తీసేసి ఉంటాయి. బయటి నుంచి ఎంత నల్లగా ఉంటుందో, కట్టుకున్నవాడికి ఎండలో జల్లెడలోంచి చూసినట్టు అంత బాగానూ కనపడుతుంది. ఆ పోగులు తీసే పని కోడళ్లది. కాపరానికొచ్చిన రెండో ఏడు అత్త తలుపు గడియ పెట్టి, ఖురాను మీద చెయ్యి వేయించి, అప్పుడు నేర్పింది. వేటులో మోసం లేదు, దోసకాయను కోసి ఆకు దగ్గర ఆగే చెయ్యి ఏళ్లతరబడి గుమ్మడికాయల మీద సాధన చేసిన చెయ్యి. మోసమల్లా గుడ్డలో ఉంది. ఆ ఏడే పీర్ల పండగకు, ఎప్పుడూ కింద పడుకునే బావగారు రంజాన్‌కు చలిజ్వరం తగిలింది. నలుగురూ చేరి ఇప్పుడెట్టా అంటుంటే, నేను పడుకుంటానని ఈ నోరే అంది. ఆడది కత్తి కిందా అని మసీదు అరుగు మీద పెద్దలు గోల చేశారు. ఆ రోజున కూడా భయమేసింది కానీ అది వేరే భయం, తిరనాళ్లలో రంగులరాట్నం ఎక్కినప్పటి భయం. గుడ్డ వెనక నుంచి ఆయన తనను చూస్తున్నాడని తెలుసు. వేటు దిగే ముందు తనను చూసి నవ్వాడు కూడా. ఆ నవ్వు కనపడింది ఆమెకొక్కదానికే. పద్దెనిమిదేళ్ల పిల్ల, మెడ మీద దోసకాయ పెట్టుకుని సిగ్గుపడింది. ఎవరికన్నా చెప్పుకుంటే నవ్వుతారు.

కాళ్ల దగ్గర ఏదో నీడ కదిలింది. కాదు, వెలుతురే కదిలింది. మబ్బు అంచు పలచబడుతోందా? కళ్లు పైకి తిప్పితే విగ్గు వెంట్రుక ఒకటి రెప్పకు గుచ్చుకుంటోంది. లేదు, ఇంకా ఉంది, గొర్రె బొచ్చు కుప్ప పోసినట్టు ఉంది. జనరేటరు దూరంగా జోరీగలాగా మోగుతోంది. పుట్టింట్లో అయ్య బుడాన్ దూదేకుతుంటే ఆ వింటి మోత కూడా ఇట్లాగే రోజంతా చెవిలో ఉండేది, ఇంట్లో ఎక్కడున్నా అయ్య ఎక్కడ కూచున్నాడో కళ్లు మూసుకుని చెప్పగలిగేది. చప్పుడుకు ఒక చోటు ఉంటుంది. ఈ దిక్కుమాలిన జనరేటరు అట్లా కాదు, అన్ని వైపుల నుంచీ మోగుతోంది. దీనిలో మనిషి ఊపిరి వినపడుతుందా? తొమ్మిది అడుగుల అవతలివాడికి తన ఊపిరి ఏమన్నా వినపడుతుందా? మాబు సాహెబ్ నిలబడ్డ చోటు నుంచి కదలడం లేదు. డెబ్బై ఒకటి యుద్ధానికి సిపాయిగా పోయి వచ్చినాక ఆయనకు నిలబడటం బాగా అలవాటయింది. పూనా ఆసుపత్రిలో మూడు నెలలున్నాడు. అక్కడి నుంచి ఎవరో రాసిపెట్టిన ఉత్తరం వస్తే మాస్టారు చదివారు, ఎడమ కన్ను పోయింది, కుడి కన్ను దక్కింది, ఏడవద్దు అని ఉంది. ఏడవద్దంటే ఏడవకుండా ఎవరుంటారు. వచ్చినాక బస్సు దిగి, "లోకం సగమే కనపడుతుందే, మిగిలిన సగం చూడదగ్గదేం కాదులే" అని నవ్వించాడు. ఆ ఒక్క కంటితో పదమూడేళ్లు పీర్ల పండగల్లో, ఉరుసుల్లో, స్కూలు పండగల్లో కత్తి తిప్పాడు. దోసకాయ తెగని రోజు లేదు, ఆకు చిరిగిన రోజు లేదు. ఆ తర్వాత ఒకనాడు గుంటూరు పోయి వచ్చాడు. ఎందుకని అడిగితే పింఛను కాగితాల పనన్నాడు. ఆ రాత్రి నుంచి, దక్కిన ఆ కంట్లో మందు వేసుకోవడం మానేశాడు. తగ్గిందేమోలే అనుకుంది. తెలివితక్కువ ముండ, తగ్గిందేమోలే అనుకుంది!

తెలిసింది పోయిన ఏడు, ఇట్లాంటి మిరపకాయల రోజుల్లోనే. పట్టపగలు. ఖాదర్‌బీ వసారాలో కూచుని తొడిమలు తీస్తోంది. ఆయన లోపలి నుంచి వచ్చి ఎదురుగా, మూడడుగుల దూరంలో నిలబడ్డాడు. సరిగ్గా ఆమె వంక చూశాడు. చూసి, పెరటి వైపు గొంతెత్తి, "ఖాదరీ, యాడున్నావే?" అని కేకేశాడు. చేతిలో మిరపకాయ చేతిలోనే ఉండిపోయింది. ఆయన ఇంకోసారి పిలిచాడు. అప్పుడు ఖాదర్‌బీ చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకే అర్థం కాదు. గాజులు చప్పుడు కాకుండా మోచేతుల దాకా తోసుకుంది. పిల్లిలాగా లేచింది. గోడవారగా పెరట్లోకి పోయి, అక్కడ నిలబడి, "ఇక్కడున్నానయ్యా, ఏం కావాలి?" అంది. ఏం లేదులే, అగ్గిపెట్టె కనపడకపోతేనూ అన్నాడు. అగ్గిపెట్టె కిటికీలోనే ఉంది. ఆ రోజు నుంచి ఇంట్లో ఏ వస్తువూ చోటు మారలేదు. చెంబు ఎక్కడ పెడితే అక్కడే, చెప్పులు ఎక్కడ విడిస్తే అక్కడే. ఆమె తిరిగినంతసేపూ గాజులు మోగించుకుంటూ తిరిగింది. ఆయనకు కనపడదని ఆమెకు తెలిసినట్టు ఆయనకు తెలియకూడదు. ఎందుకట? ఏమో. మొగవాడు తలెత్తుకు తిరుగుతున్నాడు, తిరగనీ అనుకుంది. అడిగితే ఒప్పుకుంటాడేమో, ఒప్పుకుంటే ఆ రోజుతో కూలబడిపోతాడేమో అని హడలిపోయింది.

మరి కత్తి ఎట్లా తిప్పుతున్నట్టు? అదీ తెలిసింది. డప్పు యేసుపాదం పాతికేళ్లుగా ఆయనకు దరువు వేస్తున్నాడు, ఇద్దరూ ఒకే కంచంలో తిన్నంత స్నేహం. పీర్ల పండగ పదిరోజులుందనగా ఇద్దరూ చెరువు పొలంలో ఏదో చేస్తున్నారని తెలిసి, పత్తిచేలో కూచుని చూసింది. గోనెసంచి మీద గుమ్మడికాయ పెట్టారు. కత్తి గాల్లో తిరుగుతున్నంతసేపూ దరువు మామూలుగా సాగుతోంది. కత్తి సరిగ్గా కాయ మీదికి వచ్చిన క్షణాన యేసుపాదం ఎడమ చేతి సన్నపుల్లతో డప్పు అంచు మీద టక్కున ఒక్క దెబ్బ వేస్తాడు. అది వినపడితే వేటు. పత్తిచెట్ల మధ్య కూచుని ఖాదర్‌బీ పమిట నోట్లో కుక్కుకుంది. లేచి పోయి ఇద్దరినీ చెప్పుచ్చుకు కొట్టాలనిపించింది. కొట్టలేదు. పది రోజుల తర్వాత పండగనాడు ఎప్పటిలాగే తల దువ్వుకుని, దోసకాయ అడుగు తనే చెక్కి, పోయి పడుకుంది. ఆ పుల్ల దెబ్బ కోసం ఒళ్లంతా చెవులు చేసుకుని పడుకుంది. టక్. దోసకాయ తెగింది. జనం కేకలు. అట్లా ఇప్పటికి మూడుసార్లు. ప్రతిసారీ ఇంటికొచ్చి గడియ పెట్టుకుని వాంతి చేసుకుంది.

ఈ రోజు ఆ పుల్ల లేదు. పొద్దున యేసుపాదం డప్పు కాచుకుని వస్తే డైరెక్టరు గారు, "ఎవరయ్యా ఇతను, ఫ్రేములో డప్పేమిటి, ఆ మోత అంతా మద్రాసులో వేసుకుంటాం, నా కేక వినపడాలి ఇక్కడ" అన్నాడు. యేసుపాదం చేతులు కట్టుకుని, "దరువు లేకపోతే ఉస్తాదుకి చెయ్యి ఆడదండీ, ఎంతోకాలంగా అలవాటండీ, ఓ పక్కన కూకుని కొట్టుకుంటానండీ" అని గడ్డం పట్టుకుని బతిమాలినంత పని చేశాడు. అందరూ మాబు సాహెబ్ వంక చూశారు. హీరో గారు అప్పుడే వచ్చి, నిజమైన సైనికుడండీ అని అంతమందిలో మాబు సాహెబ్‌కు సెల్యూట్ కొట్టి ఉన్నాడు. ఆ సెల్యూట్ ఒంట్లో ఉన్నవాడు ఏమంటాడు? "అక్కర్లేదు సార్. దరువు లేకపోయినా చేస్తాను" అన్నాడు. యేసుపాదాన్ని తాడు అవతలికి పంపించేశారు. పోతూ పోతూ వాడు ఖాదర్‌బీ మొహంలోకి ఒక్క చూపు చూశాడు. ఆమెకు తెలుసని వాడికి తెలుసా ఏమిటి? వాడి పెళ్లాం ఎలీసమ్మ పక్కనే నిలబడి పళ్లికిలించి చెయ్యి ఊపుతోంది, దానికి మాత్రం ఏమీ తెలియదు. వాడి నోట్లో నువ్వుగింజ నానదని ఊళ్లో అంటారు కానీ ఈ ఒక్క గుట్టూ వాడు పెళ్లాం దగ్గర కూడా దాచాడు.

అంతకంటే ఘోరం రిహార్సలు. దోసకాయ పెట్టకుండా, వట్టి మెడతో పడుకోబెట్టి ఒకసారి చెయ్యమన్నారు. మాబు సాహెబ్ తొమ్మిది అడుగులూ లెక్కపెట్టుకుంటూ వచ్చాడు, ఆయన పెదిమలు కదలడం ఆమెకు కనపడింది. వేటుకు ముందు కత్తిని మెల్లగా ఒకసారి ఆనించి కొలత తీసుకోవడం వాళ్ల ఆనవాయితీ. ఆ కత్తి మెడకు ఇవతల, బెత్తెడు పక్కకు, భుజం మీదికి వస్తోంది. వస్తోందని తెలిసి, ఖాదర్‌బీ ఎవరికీ కనపడకుండా నడుము జరిపి, మెడ తీసుకొచ్చి ఆ కత్తి కింద పెట్టింది. చల్లగా తగిలింది. "బ్రహ్మాండం!" అన్నాడు డైరెక్టరు గారు. చప్పట్లు. ఆమె మాత్రం తన చేతుల్తో తనే గొయ్యి తవ్వుకున్నట్టయింది. అప్పుడు జరగకుండా ఉంటే అక్కడికక్కడే తెలిసిపోయేది, పీడా పోయేది. ఇప్పుడు మెడ మీద దోసకాయ ఉంది, జరిగితే దొర్లుతుంది. ఆయన ఏమో కొలత కుదిరిందనుకుని ధైర్యంగా ఉన్నాడు.

చెప్పేస్తే? ఏమని చెప్పాలి. మా ఆయనకు కళ్లు కనపడవు అంటే, గంతలు కట్టుకునే కదమ్మా కొట్టేది, కనపడితేనేం కనపడకపోతేనేం అంటారు. గుడ్డ సంగతి బయటపెట్టాలి. అత్తగారి చేతిలో ఖురాను మీద పెట్టిన చెయ్యి. తాత ముత్తాతల నాటి నుంచి ఊరి వాళ్ల కళ్లల్లో కారం కొట్టారా మీరు అని ఊరు ఊరంతా ఉమ్మేస్తుంది, సమాధిలో ఉన్న మామగారి మీద కూడా ఉమ్మేస్తుంది. చెప్పకపోతే తనే సమాధిలోకి పోతుంది. ఈ రెండింటి మధ్యా ఎటూ తేల్చుకోలేక పడుకుని ఉంది. తెగితే ఎట్లా ఉంటుంది? నొప్పి తెలుస్తుందా, లేకపోతే కోడికి తెలిసినంతేనా? జమీలాకు కబురు ఎవరు చెబుతారు? పిడుగురాళ్లలో సున్నపు బట్టీల దగ్గర అల్లుడికి పని, కూతురికి ఇప్పుడు ఏడో నెల. కబురు విని దబ్బున కింద పడితే? అయ్యో, జమీలాకు ఉసిరికాయ పచ్చడి పంపిస్తానని పంపలేదు. ఉట్టి మీద జాడీలోనే ఉంది. ఆయన చూసుకోలేడు, బూజు పడుతుంది. చీచీ, పీక మీద కత్తి ఉంటే పచ్చడి గురించి ఏడుస్తున్నాను. ముక్కు లోపల ఏదో పురుగు పాకుతున్నట్టుంది. తుమ్ము కాదు. తుమ్ము కాదు. నాలుక అంగిటికి నొక్కి పెట్టింది. కళ్లలోంచి నీళ్లు కారి చెవుల్లోకి పోతున్నాయి, చూసినవాళ్లు మిరపకాయల ఘాటనుకుంటారు. తమలపాకు చెమటకు తడిసి మెడకు అతుక్కుపోయింది. ఈ మనిషి మీద ఎంత కోపం వస్తోందంటే, బతికి లేస్తే నెల్లాళ్లు మాట్లాడకూడదు. దరువు అక్కర్లేదట! ఎవరి మెడనుకున్నాడు?

రెప్పల మీద వెచ్చగా తగిలింది. మూసిన కళ్ల లోపల ఎర్రగా అయింది. కళ్లు తెరిస్తే మిరపకాయలన్నీ మంట పుట్టినట్టు మెరిశాయి. "వచ్చింది, వచ్చింది, రెడీ!" ఎవరో ఈల వేశారు. గొడుగులు ముడుచుకున్న చప్పుడు. "అమ్మా, కదలొద్దు! ఉస్తాద్ గారూ, నా కేకతో బయల్దేరండి!" కెమెరా కిర్రుమని తిరగడం మొదలైంది. కేక వినపడింది. ఒకటి. బూటు కింద ఎండు మిరపకాయ పటుక్కుమంది. రెండు. మూడు. ఈ బూట్లు సినిమా వాళ్లవి, ఆయనవి కావు, అడుగు పొడవు మారదా? నాలుగు, అయిదు. ఎటో పక్కకు పోతున్నట్టుంది. ఆరు, ఏడు. దేవుడా, యేసుపాదం దేవుడా, ఎవరో ఒకరు. ఎనిమిది. తొమ్మిది. నీడ మొహం మీద పడింది. కత్తి దిగింది కొలతకు, దోసకాయ మీద కాదు. చల్లటి అంచు దవడ కింద ఆనింది, చెవికి రెండు వేళ్ల ఇవతల. ఆ కత్తి అక్కడ ఒక్క క్షణం ఆగింది. ఆగి, అక్కడి నుంచే పైకి లేచింది. ఎండలో తెల్లగా లేచింది.

"ఆగు!"

దోసకాయ దొర్లిపోయింది. ఆ కేకతోనే ఖాదర్‌బీ లేచి కూచుంది. విగ్గు వెనక్కి జారిపోయి నెరిసిన జుట్టు బయటపడింది. "కట్, కట్!" అని డైరెక్టరు గారు అరుస్తున్నాడు. అందరూ ఆమె వంకే చూస్తున్నారు. నోరు తెరిచింది. తెరిచిన నోట్లోంచి అసలు మాట రాలేదు, వేరే మాట వచ్చింది. "నాకు భయమేస్తోంది సార్. నేను చెయ్యను" అంది. గుంపులో కిసుక్కున నవ్వారు. ఇన్నేళ్లూ పడుకున్నదానికి సినిమా అనేసరికి భయమేసిందట! మాస్టారు తల దించుకున్నారు. నవ్వుకోండి నాయనా, కడుపు నిండా నవ్వుకోండి అనుకుంది. లోపల ఎక్కడో ముడి విడిపోయింది. అబద్ధం కూడా కాదు, భయమేస్తోందన్న ముక్క ఇరవై ఎనిమిదేళ్లలో మొదటిసారి బయటికి అంది.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. డైరెక్టరు గారు మబ్బు వంకా గడియారం వంకా చూసి, "ఇంకో ఆడమనిషిని చూడండయ్యా, త్వరగా, వెలుతురు పోతుంది" అన్నాడు. తాడు కింద నుంచి దూరి ఎలీసమ్మ వచ్చేసింది. "నేను పడుకుంటాలెండి సార్. మా ఆయన పాతికేళ్లుగా ఉస్తాదుకి డప్పు కొడతన్నాడు, నాకేం బయ్యం" అంటూ, నవ్వుతూ, గోనెపట్టా మీద మిరపగింజలు దులిపి మరీ పడుకుంది. దోసకాయ ఏరి తెచ్చారు. యేసుపాదం తాడు దగ్గర నోరు తెరుచుకుని నిలబడ్డాడు. తన మెడ తప్పిస్తే ఇంకో మెడ వచ్చి పడుతుందని ఖాదర్‌బీకి తట్టనే లేదు. ఇక ఒట్టు లేదు, ఖురాను లేదు, చెప్పేయాల్సిందే అని ఒక అడుగు ముందుకు వేసింది.

"సార్" అన్నాడు మాబు సాహెబ్. కవాతులో పిలిచినట్టు పిలిచాడు. "నాకు కళ్లు కనపడవు సార్."

అసిస్టెంటు నవ్వాడు. "గంతలు కట్టుకున్నాక ఎవరికి మాత్రం కనపడతాయండీ!" అన్నాడు. జనం గొల్లుమన్నారు. మాబు సాహెబ్ కత్తి నేలకు ఆనించి, తల వెనక ముడి విప్పి, గుడ్డ విడదీసి ఎండకు ఎత్తి పట్టుకున్నాడు. దగ్గరున్న వాళ్లకు అందులోంచి ఆకాశం కనపడింది. "ఇందులోంచి కనపడుద్ది సార్. మా తాతకి కనపడింది, మా అయ్యకి కనపడింది, మొన్నటిదాకా నాకూ కనపడింది. ఇప్పుడే కనపడట్లేదు." నవ్వు ఆగిపోయింది. యేసుపాదం పరిగెత్తుకుంటూ వచ్చి పెళ్లాన్ని రెక్క పట్టుకుని లేపాడు. ఎవరూ ఉమ్మలేదు. ఫైట్ మాస్టరు మాత్రం తగరపు కత్తి తెమ్మని ఎవరికో చెప్పి, వచ్చి మాబు సాహెబ్ చేతిలోంచి అసలు కత్తిని జాగ్రత్తగా తీసుకున్నాడు.

కళ్లం అంచున బస్తాల మీద ఆయన్ను కూచోబెట్టి ఖాదర్‌బీ పక్కన నిలబడింది. "నీకు తెలుసా?" అన్నాడు మాబు సాహెబ్.

"తెలుసు."

"ఎప్పట్నించే?"

"పోయినేడు తొడిమలు తీసేటప్పట్నించి." అని, ఇక ఆగలేకపోయింది. "నా మీదైతే ఎత్తావు. ఎలీసమ్మ అనేసరికి నోరొచ్చింది. ఏందయ్యా, నాది మెడ కాదా?"

మాబు సాహెబ్ రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని కూచున్నాడు. "నీకేమన్నా అయితే అదే కత్తితో నేనూ పోదామనుకున్నానే. ఇద్దరం పోతాం, అంతేగా అనుకున్నా. ఎలీసమ్మకేమన్నా అయితే యేసుపాదానికి ఏం చెప్పను?"

ఖాదర్‌బీ బస్తా మూతి గట్టిగా పట్టుకుంది. ఏడాదిగా పక్కన పడుకుని, పక్కన తిని, తన చావును తన చావుతో కలిపి కట్టిపెట్టుకున్నాడు ఈ మనిషి. "అదంతా నువ్వొక్కడివే అనుకున్నావా? నన్నొక్క మాట అడిగావా?" అంది. తాడు దగ్గర ఆడవాళ్లు తల తిప్పి చూశారు.

"అడగలే" అన్నాడు, ఆమె గొంతు వచ్చిన వైపు మొహం పెట్టి. "అడిగితే నువ్వు సరేననేదానివి."

ఖాదర్‌బీకి పట్టరానంత కోపం వచ్చింది, ఎందుకంటే అది నిజం.